వెనక్కి నొక్కితే తప్పు మనదేనా?

జాకెట్టు కుడుతుంటే చంక దగ్గర కుట్టు వంకర పోయిందనుకోండి, ఏం చేస్తాం? ఆ కుట్టు వరకే విప్పుకుని మళ్ళీ కుట్టుకుంటాం. అంతేగాని మెడపట్టీ, చేతులూ అన్నీ ఊడి కింద పడవు కదా! ముగ్గులో ఒక గీత పక్కకి పోతే ఆ గీత వరకే చెరిపి దిద్దుకుంటాం. వాకిలంతా మళ్ళీ కళ్ళాపి చల్లి మొదటి చుక్క నుంచీ మొదలుపెట్టం. ఒక అడుగు వెనక్కి వేసి సరిచూసుకోవడం మనకి చేతికి పట్టిన అలవాటు.

ఆ అలవాటే సెల్‌ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ మనకి చిక్కులు తెచ్చిపెడుతోంది. నెట్ చూస్తున్నప్పుడు ఎడమ పక్కకి తిరిగిన చిన్న బాణం గుర్తు కనపడుతుంది చూశారా, దాన్నే బ్యాక్ బటన్ అంటారు. 'ఇందాకటి పేజీకి తీసుకెళ్తాను' అని దాని అర్థం. కానీ నొక్కితే ఒకసారి ఇందాకటి పేజీ వస్తుంది. ఒకసారి ఖాళీ ఫారం వస్తుంది. ఒకసారి 'గడువు ముగిసింది' అని వస్తుంది. ఇంకోసారి మనం ఎన్నడూ అడగని ప్రకటన వచ్చి కూర్చుంటుంది. ఇది చాలదన్నట్టు పక్కనున్న వాళ్ళ చేత 'అసలు ఎందుకు నొక్కావు?' అని మాట పడాలి!

ఇంతకీ తప్పు నొక్కిన చేతిదా, ఆ బటన్‌దా? ఈ సంగతి కాస్త తేల్చుకుందామనిపించింది.

జిల్లా మారింది... చిక్కు మిగిలింది

మాది కర్లపాలెం. బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళే దారిలో వస్తుంది. ఒకప్పుడు ఒక సర్టిఫికెట్ కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్ళం. 2011లో మీసేవ వచ్చింది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. 2025 జనవరిలో 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు అందడం మొదలైంది. పిల్లల కౌన్సెలింగ్ ఆప్షన్లు, గ్యాస్ బండ, కరెంటు బిల్లు, రైలు టికెట్టు... ఒకటేమిటి, అన్నీ నెట్‌లోకి వచ్చేశాయి. కాళ్ళకి పని తగ్గింది, కాదనను. ఆ పని ఇప్పుడు వేళ్ళకి వచ్చింది.

మా ఊరి వాళ్ళకి ఇందులో ఇంకో తిప్పలు కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4 దాకా మా మండలం గుంటూరు జిల్లాలో ఉండేది. ఆ రోజు కొత్త జిల్లాలు ఏర్పడి మేం బాపట్ల జిల్లాలోకి వచ్చాం. పాత కాగితాల మీద మాత్రం గుంటూరు జిల్లా అనే ఉంటుంది. అందుకని ఏ ఫారం నింపుతున్నా 'జిల్లా' అన్న గడి దగ్గరకి వచ్చేసరికి మాకు చెయ్యి ఆగుతుంది.

మా తోటికోడలు వాళ్ళమ్మాయి కోసం ఒక ప్రవేశ పరీక్షకి దరఖాస్తు నింపడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళింది. మొత్తం నాలుగు పేజీలు. మూడో పేజీలో ఉండగా, మొదటి పేజీలో ఏ జిల్లా పెట్టానో అని అనుమానం వచ్చింది. చూసుకుందామని బ్యాక్ నొక్కింది. రెండో పేజీ ఖాళీగా వచ్చింది. కంగారుపడి ఇంకోసారి నొక్కితే 'గడువు ముగిసింది' అని వచ్చింది. గంటసేపు కూర్చుని నింపిందంతా పోయింది.

ఆ సెంటర్ అబ్బాయి వచ్చి, "మిమ్మల్ని వెనక్కి ఎవరు నొక్కమన్నారు మేడమ్? తెలియకపోతే నన్నడగొచ్చుగా!" అన్నాడు. డిగ్రీ చదివిన మనిషి. ఇంటి లెక్కలన్నీ తనే చూస్తుంది. నలుగురిలో ఆ మాట పడి, నోరెత్తకుండా మళ్ళీ మొదటి నుంచీ నింపి వచ్చింది. "జిల్లా సరిచూసుకోవడం కూడా తప్పేనా అక్కా?" అని ఇంటికొచ్చి నన్నడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

అక్కడితో అయిపోలేదు. మా పక్కింటి పిన్నిగారికి ఫోన్‌లో చీరలు చూడటం సరదా. కిందికి జరుపుకుంటూ జరుపుకుంటూ యాభై, అరవై చీరలు చూస్తారు. ఒకటి నొక్కి ధర చూసి వెనక్కి వస్తే, జాబితా మళ్ళీ మొదటి చీర దగ్గర్నుంచి మొదలు. "ఆ మామిడిపిందెల అంచు చీర మళ్ళీ కనపళ్ళేదే అమ్మాయ్!" అని ఆవిడ బాధ.

మా ఆడపడుచుది ఇంకాస్త ఖరీదైన బాధ. ఊరెళ్ళడానికి టికెట్ తీసుకుంటూ డబ్బు కట్టింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఎంతసేపటికీ ఏమీ రాకపోయేసరికి వెనక్కి వచ్చింది. బ్యాంకు నుంచి డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది, టికెట్ మాత్రం రాలేదు. ఆ పూటంతా ఇంట్లో అదే గొడవ.

పళ్ళేల దొంతర

ఈ బటన్ అసలు ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే సగం కోపం తగ్గుతుంది, మిగతా సగం వెళ్ళాల్సిన చోటికి వెళ్తుంది.

నెట్ పేజీలు చూపించే ప్రోగ్రాంని బ్రౌజర్ అంటారు. మన ఫోన్లలో క్రోమ్ అలాంటిదే. మనం చూసిన పేజీలని అది భోజనం పళ్ళేల మాదిరి ఒకదాని మీద ఒకటి దొంతరగా పెడుతుంది. కాలేజీల జాబితా చూశారనుకోండి, అది అడుగు పళ్ళెం. అందులో బాపట్ల కాలేజీ నొక్కారు, అది దాని మీద. ఫీజుల వివరాలు నొక్కారు, అది ఇంకా పైన. రెండుసార్లు బ్యాక్ నొక్కితే పై రెండూ తీసి పక్కన పెట్టి మళ్ళీ జాబితా చూపిస్తుంది. ఇక్కడి దాకా బాగానే ఉంది.

ఇప్పుడు ఆ జాబితాలోంచి తెనాలి కాలేజీ నొక్కారనుకోండి. పక్కన పెట్టిన ఆ రెండు పళ్ళేలనీ బ్రౌజర్ తీసి పారేస్తుంది! జాబితా మీద తెనాలి పళ్ళెం పెడుతుంది. ఆ తర్వాత మీరు ఎన్నిసార్లు బ్యాక్ నొక్కినా బాపట్ల కాలేజీ కనపడదు. 'ఇప్పుడే కదా చూశాను, ఎక్కడికి పోయింది?' అని మనం తల పట్టుకుంటాం. మన లెక్క ఏమిటంటే, చూసిన వరసలోనే వెనక్కి వెళ్ళాలి. దాని లెక్క ఏమిటంటే, దొంతరలో పైన ఉన్నదే తియ్యాలి. రెండు లెక్కలూ వేరు. గొడవంతా అక్కడే.

'ఇది మాకు తెలియలేదంటే మేం చదువుకోని వాళ్ళమనేగా' అనుకోకండి. 1996లో న్యూజిలాండ్‌లో కాక్‌బర్న్, జోన్స్ అనే ఇద్దరు పరిశోధకులు కంప్యూటర్ సైన్స్ వాళ్ళనే కూర్చోబెట్టి బ్యాక్ నొక్కితే ఏమవుతుందో చెప్పమన్నారు. వాళ్ళలోనే చాలామంది తప్పు చెప్పారు. కంప్యూటరే చదువైన వాళ్ళకి అర్థం కానిది మా తోటికోడలికి అర్థం కాలేదని నవ్వడం ఏం న్యాయం?

పోనీ ఎవరూ వాడని బటనా అంటే, అదీ కాదు. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో లిండా టాషర్ అనే ఆవిడ, సాల్ గ్రీన్‌బర్గ్ కలిసి 1997లో ఒక అధ్యయనం ప్రచురించారు. మనుషులు నెట్‌లో తెరిచే పేజీల్లో 58 శాతం అంతకుముందు చూసినవేనట. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళ్ళడానికి చేసే పనుల్లో దాదాపు మూడో వంతు బ్యాక్ నొక్కడమేనట. అంటే, వెనక్కి వెళ్ళి చూసుకోవడం కంగారు మనుషుల గుణమేం కాదు. అందరూ చేసే పనే.

ఫారం ఎందుకు చెరిగిపోతుంది?

బ్రౌజర్ పుట్టినప్పుడు నెట్‌లో ఉన్నవి చదువుకునే పేజీలే. 1990లో జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి బ్రౌజర్ రాశారు. 1993లో అమెరికాలో మొజాయిక్ వచ్చాక బొమ్మలతో సహా పేజీలు చూడటం మామూలు జనానికి తెలిసింది. పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పితే నష్టం ఏముంటుంది? ఏమీ ఉండదు. బ్యాక్ బటన్ ఆ లెక్కన వచ్చింది.

తర్వాత అదే బ్రౌజర్‌లోకి దరఖాస్తులు, దుకాణాలు, బ్యాంకులు వచ్చి చేరాయి. అక్కడ పేజీ తిప్పడం వేరు, ఫారం పంపడం వేరు. ఫారం నింపి 'తర్వాత' అని నొక్కడమంటే ఉత్తరాన్ని పోస్టు డబ్బాలో వేయడం లాంటిది. డబ్బాలో పడ్డాక మళ్ళీ చెయ్యి పెట్టి తియ్యగలమా? అందుకే వెనక్కి వస్తే కొన్నిసార్లు 'ఫారం మళ్ళీ పంపమంటారా?' అని బ్రౌజర్ అడుగుతుంది. తెలియక సరే అంటే ఒకే దరఖాస్తు రెండుసార్లు వెళ్ళే ప్రమాదం ఉంది.

ఇంకో కారణం కూడా ఉంది. మనం లోపలికి వెళ్ళి కొంతసేపు ఏమీ చెయ్యకపోతే అవతలి కంప్యూటర్ మనం వెళ్ళిపోయామనుకుని తలుపేస్తుంది. 'గడువు ముగిసింది' అని వచ్చేది సాధారణంగా అప్పుడే. బ్యాంకు పేజీలయితే కావాలనే దాచిపెట్టవు. మనం నెట్ సెంటర్‌లో ఖాతా చూసుకుని లేచి వచ్చాక, తర్వాత కూర్చున్నవాడు బ్యాక్ నొక్కితే మన నిల్వ ఎంతో కనపడకూడదు కదా! అది మన మంచికే. దాన్ని తప్పు పట్టకూడదు.

తప్పు పట్టాల్సింది దేన్నంటే, దరఖాస్తు ఫారాలు తయారుచేసే వాళ్ళు నింపింది నింపినట్టు భద్రపరిచే ఏర్పాటు చేయకపోవడాన్ని. ఒక్కో పేజీ పూర్తవగానే దాచిపెట్టి, వెనక్కి వస్తే మళ్ళీ చూపించే పద్ధతులు ఎప్పటి నుంచో ఉన్నాయి. చేసే వాళ్ళు చేస్తున్నారు. చెయ్యని వాళ్ళు 'బ్యాక్ నొక్కరాదు' అని ఎర్ర అక్షరాలతో రాసి ఊరుకుంటున్నారు. మెట్లు విరిగిన ఇంటికి 'జాగ్రత్త' అని బోర్డు పెట్టినట్టు!

కట్టిన వాళ్ళే ఒప్పుకున్నారు

వెబ్‌సైట్ల తీరుతెన్నుల మీద రాసే జేకబ్ నీల్సన్ అనే ఆయన 1999లో సైట్లు కట్టేవాళ్ళు కొత్తగా చేస్తున్న పది తప్పుల జాబితా ఒకటి రాశారు. అందులో మొదటిది బ్యాక్ బటన్‌ని పాడుచెయ్యడం. నొక్కే వాళ్ళు చేసిన తప్పుల జాబితా కాదు సుమండీ, కట్టేవాళ్ళు చేసిన తప్పుల జాబితా!

ఒకప్పుడు కంప్యూటర్ కీబోర్డు మీద అక్షరం చెరిపే బ్యాక్‌స్పేస్ మీట నొక్కినా బ్రౌజర్ వెనక్కి వెళ్ళిపోయేది. పేరులో ఒక అక్షరం చెరుపుదామని నొక్కితే, కర్సర్ గడిలో లేకపోతే పేజీయే వెళ్ళిపోయేది. ఇలా నింపిన ఫారాలు పోగొట్టుకుంటున్నారని 2016లో క్రోమ్ వాళ్ళు ఆ ఏర్పాటు తీసేశారు. అంటే అన్నేళ్ళూ ఫారాలు పోగొట్టుకున్న వాళ్ళ తప్పు కాదనేగా అర్థం?

ఇందాక చెప్పుకున్న ప్రకటనల గోల కూడా అంతే. కొన్ని సైట్లు మనకి తెలియకుండా దొంతర మధ్యలో దొంగ పళ్ళేలు దూరుస్తాయి. వెనక్కి నొక్కితే ఇందాకటి పేజీకి బదులు అవి ఎదురవుతాయి. మనం అసలు తాకని అలాంటి పేజీలని దాటేసి వెనక్కి వెళ్ళేలా 2019లో క్రోమ్‌ని మార్చారు. పూర్తిగా పోలేదుగాని కొంత నయం.

పిన్నిగారి చీరల బాధకి కూడా మందు ఉంది. చూసిన పేజీని ఉన్నదున్నట్టు, ఎంత కిందికి జరిపామో ఆ చోటుతో సహా గుర్తుపెట్టుకునే ఏర్పాటుని ఫైర్‌ఫాక్స్ 2005లోనే తెచ్చింది. క్రోమ్‌లో ఫోన్లకీ కంప్యూటర్లకీ అది పూర్తిగా వచ్చేసరికి 2021 అయింది. అయినా అన్ని సైట్లూ దానికి వీలుగా ఉండవు. అందుకే ఆ మామిడిపిందెల అంచు చీర ఇంకా దొరకలేదు.

అసలు నష్టం ఇదీ

గంట పోతే పోయింది, మళ్ళీ నింపుకోవచ్చు. చీర పోతే ఇంకోటి చూసుకోవచ్చు. నాకు అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి కనపడుతోంది.

రెండుసార్లు మాట పడ్డాక మా తోటికోడలు ఏం చేసిందో తెలుసా? ఫోన్ ముట్టుకోవడం మానేసింది. ఏ పని వచ్చినా ఫోన్ తీసుకెళ్ళి ఎవరో ఒక అబ్బాయి చేతిలో పెట్టి, "కాస్త నువ్వే చెయ్యి బాబూ" అంటోంది. పాస్‌వర్డ్ అడిగితే చెబుతోంది. ఓటీపీ వస్తే చదివి వినిపిస్తోంది. ఇలాంటి వాళ్ళు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఆ అబ్బాయిలంతా చెడ్డవాళ్ళని నేననను. కానీ బీరువా తాళాలు ఎవరికీ ఇవ్వని మనం, బ్యాంకు ఖాతా తాళం మాత్రం ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఇస్తున్నాం. ఒక బాణం గుర్తుకి భయపడి!

మగవాళ్ళు నొక్కితే 'సైట్ పనిచెయ్యట్లేదు' అంటారు. మనం నొక్కితే 'నీకు రాదు' అంటారు. ఆ మాటని మనం నమ్మేస్తే అక్కడితో ఆగిపోతాం.

డబ్బు పోయిందా? కంగారుపడకండి

డబ్బు కట్టేటప్పుడు మన బ్యాంకు నుంచి అమ్మేవాళ్ళకి మధ్యలో రెండు మూడు చేతులు మారుతుంది. మధ్యలో వెనక్కి వచ్చేస్తే, 'డబ్బు ముట్టింది' అన్న కబురు అవతలికి చేరకపోవచ్చు. అందుకే ఆ కాసేపూ చేతులు కట్టుకుని కూర్చోవడమే మంచిది. ఒకవేళ వెనక్కి వచ్చేసినా ఆ డబ్బు గాల్లో కలిసిపోదు.

రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబరులో దీనికి ఒక నిబంధన పెట్టింది. ఆన్‌లైన్‌లో కార్డుతో కొన్నప్పుడు మన ఖాతాలో డబ్బు తగ్గి, అమ్మేవాళ్ళకి ఆ కబురు అందకపోతే, ఆ రోజు కాక ఐదు రోజుల్లోపు డబ్బు దానంతటదే మన ఖాతాకి తిరిగి రావాలి. యూపీఐతో దుకాణానికి కట్టినా అదే గడువు. యూపీఐలో మనిషికి పంపిన డబ్బు అవతలి ఖాతాలో పడకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి. గడువు దాటితే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల చొప్పున మనకి ఇవ్వాలి. మా ఆడపడుచు డబ్బు నాలుగో రోజున తిరిగి వచ్చింది. రాకపోతే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. ముప్ఫై రోజుల్లో తేలకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి రాసుకోవచ్చు.

ఇవి గుర్తుంచుకోండి

• ఫారం నింపే ముందు పేరు, పుట్టిన తేదీ, జిల్లా, మండలం, ఆధార్ నంబరు అన్నీ ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి. మధ్యలో వెనక్కి వెళ్ళాల్సిన అవసరం తగ్గుతుంది.

• వెనక్కి వెళ్ళాలంటే ముందు ఆ ఫారంలోనే 'ప్రీవియస్' అనో, 'ఎడిట్' అనో బటన్ ఉందేమో చూడండి. ఉంటే అదే నొక్కండి. బ్రౌజర్ బాణం కన్నా అది నమ్మకం.

• 'సేవ్' అన్నది కనపడితే ప్రతి పేజీకీ నొక్కండి. దరఖాస్తు నంబరు ఇస్తే వెంటనే రాసుకోండి.

• జాబితాలోంచి ఒకటి చూడాలంటే దాని మీద కాసేపు వేలు నొక్కి పట్టండి. 'కొత్త ట్యాబ్‌లో తెరువు' అన్న అర్థం వచ్చే మాట కనపడుతుంది. అలా తెరిస్తే జాబితా ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. చీరలకైనా, కాలేజీలకైనా ఇదే ఉపాయం.

• కంప్యూటర్‌లో బాణం గుర్తు మీద మౌస్ నొక్కి పట్టుకుంటే వెనకటి పేజీల పేర్లు వరసగా వస్తాయి. కావాల్సింది ఎంచుకోవచ్చు. పారేసిన పళ్ళెం కావాలంటే 'హిస్టరీ'లో వెతకండి, ఫోన్‌లో అయినా అక్కడ దొరుకుతుంది.

• డబ్బు కట్టాక ఏమీ రాకపోతే వెంటనే రెండోసారి కట్టకండి. బ్యాంకు మెసేజ్, ఆ సైట్‌లో మన బుకింగుల జాబితా చూశాకే ఏం చెయ్యాలో ఆలోచించండి.

• నెట్ సెంటర్‌లో పని అయ్యాక లాగవుట్ చేసి, ఒకసారి బ్యాక్ నొక్కి చూడండి. మీ వివరాలు కనపడకపోతేనే లేవండి. కనపడితే ఆ కిటికీ మూసేసి రండి.

• ఎవరి చేత పని చేయించుకున్నా పక్కనే కూర్చోండి. పాస్‌వర్డ్, ఓటీపీ మీ వేలితో మీరే కొట్టండి.

మా తోటికోడలు మొన్న సొంతంగా ఒక ఫారం నింపింది. పక్కన కాగితం పెట్టుకుంది, పేజీ పేజీకీ సేవ్ నొక్కింది. రెండో పేజీలో ఒకసారి వెనక్కి వెళ్ళి జిల్లా కూడా సరిచూసుకుంది, ఫారంలో ఉన్న బటన్‌తోనే. ఏమీ చెరగలేదు.

ఫారాలు కట్టే ఇంజినీర్లలో ఇప్పుడు మన ఆడపిల్లలు కూడా ఎంతోమంది ఉన్నారు. బాపట్లలో చదివి హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్న మీ అమ్మాయి పండక్కి ఇంటికొస్తే, పక్కన కూర్చోబెట్టుకుని ఒక ఫారం నింపి చూపించండి. ఎక్కడ చెరిగిపోతోందో, ఎక్కడ చెయ్యి ఆగుతోందో చెప్పండి. 'వెనక్కి నొక్కకండి' అని ఎర్ర అక్షరాలతో రాయడం కన్నా, వెనక్కి వచ్చినా ఏమీ పోకుండా కట్టడం మంచిదని వాళ్ళకి మనమే చెప్పాలి.